దూదిలో సాక్ష్యం

ఆఖరి మట్టిముద్దను కూడా రెండుగా విరిచి చూసి, జాన్ సాహెబ్ చేతులు దులుపుకుని లేచాడు.

"లేదు. నేను ముందే చెప్పా. ఈ ముద్దల గంపలూ గుడ్డిగదులూ తాతల కాలానికి సరి. షంషాదూ, ఆ చొక్కా ఇటియ్యి. టేసనుకు పోతన్నా."

షంషాద్ కదల్లేదు. చొక్కా చిలక్కొయ్యకే వేలాడుతోంది. పోయిన ఎర్రరాయి ఉంగరం ఆమెదే. చనిపోయే ముందు తల్లి తన వేలి నుంచి తీసి ఆమె వేలికి తొడిగిన ఉంగరం అది. మొన్న శుక్రవారం, జుమ్మా నాడు, నీళ్లు తోడుకుంటూ గూట్లో పెట్టింది. తిరిగొచ్చేసరికి గూడు బోసిగా ఉంది. అప్పట్నుంచి ఆమె ఏడవనూ లేదు, సరిగా తిననూ లేదు. మొగుడు పోలీసుల్ని పిలుస్తానంటే వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు.

పిడుగురాళ్లలో ఆ వీధికొక పద్ధతి ఉంది. ఇంట్లో వస్తువు పోతే, ఆ రోజు ఆ గడప తొక్కిన వాళ్లందరూ తడిపిన రేగడిమట్టి ముద్ద ఒకటి చేత పట్టుకుని, ఒక్కొక్కరే చీకటి గదిలోకి వెళ్లి, గంపలో పడేసి రావాలి. తీసిన వాళ్లెవరో వస్తువును ముద్దలో దాచి పెట్టేస్తారు. ముద్దలు విరుస్తారు, వస్తువు దొరుకుతుంది, అంతటితో సరి. ఆ ముద్ద ఎవరిదని ఎవరూ అడగరు. మర్నాటి నుంచి అందరూ ఎప్పటిలా ఒకరింటికొకరు నిప్పుకోసం పోతారు.

ఆ గంప ఖాళీగా బయటికి రావడం వీధికి ఇదే మొదలు.

నాగూర్ వలి ఆ మట్టి దగ్గరే గొంతుకూర్చుని ఉన్నాడు. జాన్ సాహెబ్‌కు తమ్ముడు. మద్రాసు లా కాలేజీలో మొదటి యేడు పరీక్షలు రాసి సెలవులకు వచ్చాడు. సోమవారం బండెక్కితే రెండో యేడు చదువు. ఎక్కుతాడా లేదా అన్నది మాత్రం ఇప్పుడు ఈ ఉంగరం మీద ఆధారపడి ఉంది. నిన్న సాయంత్రం తండ్రి సుభానీ తెగేసి చెప్పాడు. ఇంట్లో పోయిన ఉంగరం సంగతి తేల్చలేనివాడు ఊళ్లో కేసులేం తేలుస్తాడు, ఉంగరం దొరికితే బండెక్కు, లేకపోతే అన్న పక్కన కూర్చుని దూది ఏకే విల్లు పట్టుకో, అని.

నాగూర్ వలి ఒక ముద్ద చెక్కను చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పాడు. పైభాగం నున్నగా ఉంది, సబ్బుబిళ్ల లాగా. ఇంకోటి తీశాడు. అదీ నున్నగానే ఉంది. మూడోదాని మీద చీరకొంగు నేత అచ్చు పడింది. నాలుగోదాని మీద ఆముదపాకు ఈనెలు.

అన్నిటినీ చూశాడు. ఒక్క ముద్ద మీద ఒక్క వేలి గుర్తు లేదు.

"అమ్మా, నీ ముద్ద నువ్వు తుడిచావా?"

తల్లి అబిదా పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పింది. "తుడిచా."

"ఎందుకు?"

"నువ్వే గదరా చెప్పింది, మట్టిలో వేలిగీతలు దొరికిపోతయ్యని. నా గీతలతో నాకెందుకొచ్చిన గొడవని కొంగుతో తుడిచా."

"ఉంగరం నువ్వు తియ్యలేదుగా."

"తియ్యలేదు. అయినా తుడిచా."

నాగూర్ వలి మట్టిని గంపలోకి వదిలేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలిసిపోయింది. సెలవులకు వచ్చిన వారంలోనే అరుగు మీద పెద్ద కచ్చేరీ పెట్టాడు. పెనం అడుగు మసి తీసి, వీధిలో వాళ్ల చేత కాగితం మీద బొటనవేళ్లు వేయించి, వీపు తిప్పి కూర్చుని మళ్లీ వేయించి, తర్వాత ఏ ముద్ర ఎవరిదో ఒక్కటీ తప్పకుండా పోల్చి చెప్పాడు. గాజు మీద పడుతుంది, నూనె చేత్తో ముట్టిన చెంబు మీద పడుతుంది, తడిమట్టి మీదయితే అద్దంలో మొహంలా పడుతుంది అని ఊదరగొట్టాడు. వీధి నోరు తెరుచుకుని విన్నది. సున్నపు బట్టీల నుంచి కూడా పని మాని వచ్చి వేళ్లు వేయించుకు పోయారు.

అంత చదువూ విన్నాక, ఉంగరం దాచిన ముద్దను ఎవరు మాత్రం గంపలో వేస్తారు? తియ్యని వాళ్లే తుడుచుకుని వేస్తుంటే.

మంచం మీద కూర్చున్న సుభానీ గడ్డం నిమురుకున్నాడు. కోపంగా లేడు. ఆయనకు కోపం కన్నా వేళాకోళం తొందరగా వస్తుంది.

"మా తాత పెట్టిన గంప. పెద్ద పెద్ద కరువులు వచ్చినా చెడలేదు. మద్రాసు చదువొచ్చి చెడగొట్టింది," అన్నాడు.

జాన్ సాహెబ్ ఆ మాట అందుకున్నాడు. పోలీసులకైతే గంపలు అక్కర్లేదన్నాడు. హెడ్డు కానిస్టేబులు రాఘవయ్యతో నిన్ననే మాటేశానన్నాడు. ఆ రోజు లోపలి గదిలోకి వచ్చింది బొంతలు కుట్టే సుబ్బమ్మ ఒక్కతేనని, స్టేషన్లో రెండు తగిలిస్తే ఆమే ఒప్పుకుంటుందని అన్నాడు.

"కొడితే ఒప్పుకున్న మాట చెల్లదన్నా," అన్నాడు నాగూర్ వలి. "అసలు పోలీసు ముందు ఒప్పుకున్నదేదీ కోర్టులో పనికిరాదు. సాక్ష్యాల చట్టం, ఇరవై అయిదో సెక్షను."

"ఒప్పుకున్నది ఎవడికి కావాలిరా? ఎక్కడ దాచిందో చెబితే చాలు. ఉంగరం తవ్వి తీసుకుంటాం. అది చెల్లదా?"

నాగూర్ వలి మట్టి అంటిన చేతులు తుడుచుకున్నాడు. అది చెల్లుతుంది. సరిగ్గా అదే ఇరవై ఏడో సెక్షను. పరీక్షలో రెండు పేజీలు రాసిన జవాబును అన్న ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"ఏం, చెప్పవేంది?"

"చెల్లుద్ది," అన్నాడు నాగూర్ వలి, చిన్నగా.

సుభానీ పడీ పడీ నవ్వాడు. షంషాద్ పెదవి మీద కూడా ఏదో కదిలి, వెంటనే ఆగిపోయింది.

బయట అరుగు మీద సుబ్బమ్మకు ఇదంతా వినబడుతూనే ఉంది. భర్త పోయాక ఆ అరుగు మీద బొంతలు కుట్టే బతుకుతోంది. పొద్దున్నుంచీ సూది ఆపలేదు. ఆపితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఆమె లెక్క. తల ఎత్తకుండానే లోపలికి కేకేసింది.

"జానయ్యా, టేసనుకు పోతే దారిలో నాకో సూది తీసుకురా. ఇది మొద్దుబారింది. నీ హెడ్డు వచ్చి నన్ను తోలుకుపోయే లోపల ఈ బొంత అయిపోవాల."

అబిదా పొయ్యిలో పుల్ల ఎగదోసింది. జాన్ సాహెబ్ తన చొక్కా తనే తీసుకున్నాడు.

"కోర్టంటే మీకెవ్వరికీ తెలవదు," అన్నాడు సుభానీ, నవ్వు దించుకుని. "నాకు తెలుసు. బోనెక్కి చెప్పినోడిని. నిజం చూసినోడు ధైర్యంగా చెబితే, ఏ సెక్షనూ అడ్డం రాదు."

ఆ కథ ఇంట్లో అందరికీ కంఠస్థం. ఇంటికొచ్చిన చుట్టానికల్లా సుభానీ చెబుతాడు. నాగూర్ వలి పుట్టినప్పుడు నాగూరు దర్గా నుంచి తెచ్చుకుని సుభానీ మెడలో వేసుకునే వెండి తాయెత్తు ఒకనాడు పట్టపగలు ఇంట్లోంచి పోయింది. ఆ పూట పరుపులు బండికెత్తడానికి వచ్చిన పిచ్చయ్య, మొలలో ఏదో దోపుకుంటూ గదిలోంచి బయటికి రావడం సుభానీ కళ్లారా చూశాడు. అదే మాట బోనెక్కి చెప్పాడు. ప్లీడరు ఎన్ని తిప్పలు పెట్టినా తొణకలేదు. మొలలో దోపుకున్నది చుట్ట అని పిచ్చయ్య మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఆరు నెలలు పడింది. జైలు నుంచి వచ్చాక పిచ్చయ్య ఈ ఊళ్లో ఉండలేక మాచర్ల పోయి, అక్కడ రైలు స్టేషను దగ్గర బండి తోలుకుంటున్నాడు.

ఆ రోజు కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద తల్లి ఒళ్లో కూర్చుని, కిటికీలోంచి తండ్రిని చూసిన పిల్లవాడు నాగూర్ వలి. అంత మంది పెద్దవాళ్లు నాయన మాటకు తలలు ఊపడం చూశాడు. లా చదవాలన్న కోరిక అక్కడే పుట్టింది. మద్రాసులో సాక్ష్యం గురించి పాఠం జరిగినప్పుడల్లా అతనికి బోనులో నిలబడ్డ తండ్రే కనబడతాడు.

జాన్ సాహెబ్ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఆ భుజం మీద ఒక దూదిపింజ అంటుకుని ఉంది. ఆ ఇంట్లో ఎవరి భుజం మీద చూసినా ఉంటుంది. నాగూర్ వలి అలవాటుగా దాన్ని తీసి, వేళ్ల మధ్య నలిపి, వదిలేయబోయి ఆగాడు.

నలిపిన పింజ మెల్లగా మళ్లీ విచ్చుకుంది. వేలి గుర్తు ఎక్కడా లేదు.

"అన్నా, సాయంత్రం అసరు నమాజు దాకా ఆగు. నీ హెడ్డు ఎక్కడికీ పోడు."

"ఆగితే ఏమొస్తది?"

"మట్టి బదులు దూది పెడదాం. దూది మీద వేలిముద్ర పడదు. ముద్దలు విరవాల్సిన పని కూడా లేదు. నాయన ఏకుతాడు."

సుభానీ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. వేళాకోళం ఆడే మనిషి పనివాడు అయిపోయాడు. ఎంత దూది కావాలి, ఎవరి దూది అని ఆలోచించాడు. కొట్లో ఉన్నదంతా గిరాకీలది, అందులో ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. కాసేపు చూసి, తను కూర్చున్న మంచం మీది పరుపును అరచేత్తో తట్టాడు.

అబిదా గరిటె పట్టుకుని వచ్చింది. ఊరందరి పరుపులూ విప్పి ఏకారుగానీ ఈ పరుపును విప్పమని ఏళ్లుగా మొత్తుకుంటున్నా వినలేదని, ఇప్పుడు కొడుకు చదువు కోసమైతే విప్పుతారా అని నిలదీసింది.

"దీన్ని విప్పే అవసరం రాలేదే," అన్నాడు సుభానీ. "పిచ్చయ్య కేసు యేటి పత్తి ఇది. అప్పట్లో పత్తి పత్తిలాగుండేది. నా చేత్తో నాకోసం నింపుకున్న పరుపు ఇదొక్కటే."

అంటూనే కత్తి తీసి కుట్లు కోశాడు. ఒక చివర్నుంచి గడ్డకట్టిన దూది కొంత లాగి చాప మీద పోశాడు. మిగిలినది సంచిలోనే ఉండనిచ్చి గోడకు జరిపాడు.

ఇక వీధిని ఒప్పించాలి. ఆ పని నాగూర్ వలిదే. ఏ నోటితో తన విద్య గొప్పలు చెప్పాడో ఆ నోటితోనే ఇంటింటికీ వెళ్లి, దూది దగ్గర ఆ విద్య పారదని చెప్పుకొచ్చాడు. కొందరు నమ్మారు. కొందరు వాళ్ల చేతుల్తోనే దూది నలిపి, వెలుతురుకు పెట్టి, తిప్పి చూశాక నమ్మారు. ఒక ముసలాయన మాత్రం ఇంత డబ్బు పోసి చదివిన చదువు దూదికే ఓడిపోతే ఎట్టా నాయనా అని జాలిపడ్డాడు.

ఆఖరున అరుగు మీదికి వచ్చాడు.

"దూదికి వేరే పుస్తకం ఏమన్నా ఉందేమోరా, మద్రాసులో?" అంది సుబ్బమ్మ.

"లేదత్తా."

"వచ్చే యేడు చదువులో చెబుతారేమో."

"చెప్పినా నేను నేర్చుకోను."

సుబ్బమ్మ మొదటిసారి సూది ఆపింది. అతని మొహంలోకి చూసి, బొంత పక్కన పెట్టి లేచింది. "పద. అందరికంటే ముందు నేనే పోతా. సాక్షులుండగా పోతా."

మధ్యాహ్నం తిరిగాక మొదలైంది. చీకటి గది వాకిట్లో దూది గుట్ట. లోపల గంప. ఒక్కొక్కరే గుప్పెడు దూది తీసుకుని వెళ్లి వస్తున్నారు. ఆ రోజు ఇంట్లో ఉన్న వాళ్లందరూ వెళ్లాల్సిందే కాబట్టి సుభానీ వెళ్లాడు, అబిదా వెళ్లింది, జాన్ సాహెబ్ సణుక్కుంటూ వెళ్లాడు. షంషాద్ కూడా వెళ్లింది. పోగొట్టుకున్న మనిషీ వెళ్లాలన్నది పద్ధతి.

తన గుప్పెడు తను వేసొచ్చి నాగూర్ వలి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. అప్పుడు వచ్చింది అసలు కష్టం.

చెవులు మూతపడవు. పట్టీల చప్పుడు తెలుస్తోంది. దగ్గు తెలుస్తోంది. ఈడుస్తూ నడిచే కాలు ఎవరిదో తెలుస్తోంది. ఎవరు లోపల ఎంతసేపున్నారో తనకు తెలియకుండానే మనసు లెక్కకడుతోంది. ఏడాదిగా మద్రాసులో నేర్పింది అదే గదా. దొంగను పట్టుకోవడం. ఇంకొంచెం చెవి ఒగ్గితే చాలు, ఇంకెవ్వరికీ తెలియనిది తనకు తెలిసిపోతుంది.

గొంతు సవరించుకుని, శిక్షాస్మృతిలో దొంగతనమంటే ఏమిటో చెప్పే మూడు వందల డెబ్బయి ఎనిమిదో సెక్షనును ఇంగ్లీషులో, ఉదాహరణలతో సహా, పెద్దగా అప్పచెప్పడం మొదలుపెట్టాడు. అడుగుల చప్పుడు అందులో మునిగిపోయింది. అయిపోగానే మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు.

వాకిట్లో ఎవరో అది ఏం మంత్రమని అడిగారు. మద్రాసు మంత్రమని, దొంగ చేత నిజం కక్కిస్తుందని ఇంకెవరో చెప్పారు. వద్దువద్దనుకున్నా నాగూర్ వలికి సెక్షను మధ్యలో నవ్వొచ్చింది.

అందరూ అయ్యాక సుభానీ గంపను బయటికి తెచ్చి చాప మీద బోర్లించాడు. వేలికున్న వెండి ఉంగరం తీశాడు, మెడలో తాయెత్తు తీశాడు, మొలతాడుకున్న తాళంచెవి తీశాడు. మూడూ పక్కన పెట్టాడు. విల్లు పట్టే ముందు ఒంటి మీద లోహం ఉండకూడదు. నారికి తగిలితే నారి తెగుతుంది. అది వాళ్ల తాతల నాటి నియమం.

కొయ్యతో నారిని మీటాడు. ధుంయ్, ధుంయ్ మని విల్లు పాడింది. గడ్డకట్టిన పాత దూది తుంపులు తుంపులుగా లేచి, తెల్లగా విచ్చుకుని గాలిలో తేలింది. షంషాద్ గడపకు ఆనుకుని నిలబడింది.

ధుంయ్, ధుంయ్, ధుంయ్.

టంగ్.

ఎర్రగా ఏదో మెరిసి, చాప అంచు దాటి దొర్లి, షంషాద్ కాలి దగ్గర ఆగింది.

ఆమె వంగి తీసుకుని వేలికి పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. దాచుకున్న ఏడుపంతా ఒక్కసారే ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "మామా, నారి తెగలేదుగా?" అంది.

"బంగారానికి తెగదమ్మా, మొహమాటపడుద్ది," అన్నాడు సుభానీ. అందరూ ఘొల్లుమన్నారు.

జాన్ సాహెబ్ మాత్రం చాప చుట్టూ తిరుగుతున్నాడు. ఉంగరం వచ్చింది సరే, ఏ గుప్పెట్లోంచి వచ్చింది? దొంగ ఎవరో తేలకుండా ఇదేం న్యాయమని తమ్ముణ్ణి అడిగాడు. తమ్ముడు జవాబు వెతుక్కునేలోపు తండ్రి విల్లు చివరతో చాప మీది దూదిని చూపించాడు.

"ఏకింతర్వాత ఏ పింజ ఎవరిదో నువ్వు చెప్పరా చూద్దాం."

జాన్ సాహెబ్ ఒక పింజ తీసి, తిప్పి చూసి, వదిలేశాడు. తర్వాత బజారు వైపు వెళ్లాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. కాసేపటికి వచ్చి, అరుగు మీద మళ్లీ బొంత ముందేసుకున్న సుబ్బమ్మ పక్కన ఒక కొత్త సూది పెట్టి, లోపలికి వచ్చేశాడు.

"దారం తేలేదేరా?" అంది సుబ్బమ్మ వెనక నుంచి. అంతే. రాజీ అయిపోయింది.

అబిదా బెల్లం టీ కాచింది. వచ్చిన వాళ్లందరికీ పోసింది. ఉంగరం తీసి తిరిగి ఇచ్చిన వాళ్లు కూడా ఆ టీ తాగే ఉంటారు. అది తలుచుకుంటే నాగూర్ వలికి విచిత్రంగా సంతోషం వేసింది. దొంగ ఉన్నారు, సొత్తు వచ్చింది, శిక్ష లేదు, వీధి చెక్కుచెదరలేదు. ఏ పరీక్షలోనూ ఇది జవాబుగా రాయలేడు. అయినా అన్న వేసిన ప్రశ్న గొంతులో ముల్లులా ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈ సారికి గుచ్చుకోనీ అనుకున్నాడు.

"సోమవారం బండికి నీ పెట్టె సర్దుకో," అన్నాడు సుభానీ, గ్లాసు కింద పెడుతూ. "అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ముందుగా చెప్పమాక. అంతే."

వీధి వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎండ అరుగు దిగింది. ఇంట్లో వాళ్లు మిగిలారు, బయట సుబ్బమ్మ మిగిలింది.

పరుపు సగం విప్పి వదిలేస్తే రాత్రికి పడక లేదు. సుభానీ గోడకు జరిపిన సంచిని ఇవతలికి లాగి, అందులో మిగిలిన దూదిని కూడా చాప మీద పోసుకున్నాడు. ఇది ఎవరి చెయ్యీ పడని దూది. హుషారుగా ఉన్నాడు. ఏదో కూనిరాగం తీస్తూ కొయ్య అందుకున్నాడు.

ధుంయ్, ధుంయ్, ధుంయ్.

టంగ్.

నారి తెగిపోయింది.

"ఇంకో ఉంగరమా ఏంది?" అని నవ్వుతూ జాన్ సాహెబ్ దూదిలో చెయ్యి పెట్టి తీశాడు. అతని నవ్వు సగంలో ఆగింది.

నల్లబడిన వెండి గొట్టం. చివరన చీకిన నల్లదారం.

అబిదా దగ్గరికి వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తాయెత్తును ఆమె నాగూరులో తన చేత్తో మొగుడి మెడలో కట్టింది.

సుభానీ దాన్ని చూడటం లేదు. పక్కన వరుసగా పెట్టుకున్న ఉంగరం, కొత్త తాయెత్తు, తాళంచెవి, వాటివైపు చూస్తున్నాడు. ఈ పరుపు నింపిన రోజు కూడా అలాగే తీసి అలాగే పక్కన పెట్టి ఉంటాడు. పైన దూది పడి ఉంటుంది. దూదితో పాటు పరుపులోకి తోసి, కుట్టి, ఇన్నేళ్లూ దాని మీదే పడుకున్నాడు.

గడపలోకి వచ్చి నిలబడ్డ సుబ్బమ్మే ఆ మాట అన్నది.

"అన్నా, ఇది పిచ్చయ్యకు ఆరు నెలలు పడ్డ తాయెత్తు గదా."

వీధిలో ఎవరిదో మేక అరిచి ఊరుకుంది. తెగిన నారి చివర చాప మీద ఇంకా సన్నగా వణుకుతోంది.

"నాగూరూ." సుభానీ గొంతు ఎప్పుడూ విననంత నెమ్మదిగా ఉంది. "బోనెక్కి అబద్ధం చెప్పినోడికి మీ పుస్తకంలో ఏం శిక్ష రాసుంది?"

నాగూర్ వలికి జవాబు తెలుసు. మంచి మార్కులు తెచ్చిన జవాబే. ఇప్పుడు దాన్ని బయటికి లాగడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

"అబద్ధమని తెలిసి చెబితేనే నేరం నాయనా. నిజమని నమ్మి చెబితే నేరం కాదు. శిక్ష లేదు."

"లేదా?"

"లేదు."

ఊరట దొరుకుతుందనుకున్నాడు నాగూర్ వలి. తండ్రి మొహంలో అది కనబడలేదు. శిక్ష పడిన మనిషి మొహం అంతకన్నా నయంగా ఉంటుంది.

"నాకు లేదు," అన్నాడు సుభానీ. "మరి పిచ్చయ్య అనుభవించింది ఎవరిదిరా?"

గుంటూరు వైపు నుంచి, పిచ్చయ్య ఉండే మాచర్లకు పోయే రైలు కూత వినిపించింది, ఇంకా దూరంగా.

సుభానీ లేచాడు. జాన్ సాహెబ్ పొద్దున్న తొడుక్కున్న చొక్కా విప్పి, తండ్రి భుజాల మీద వేశాడు. సుభానీ వంగి చాప మీది నుంచి గుప్పెడు దూది తీసుకున్నాడు. తాయెత్తును దాని మధ్యలో పెట్టి, చుట్టూ మూసి, పిడికిలి బిగించాడు.

మధ్యాహ్నం ఆ చీకటి గదిలోకి అందరూ వెళ్లినట్టే, చేతిలో దూదితో, తల దించుకుని గడప దాటాడు. నాగూర్ వలి చెప్పులు వెతుక్కోకుండానే ఆయన వెనక నడిచాడు.